కిడ్నీ ఇన్ఫెక్షన్: నాలుగు మాత్రలు వేసి ఆపేసేవాళ్ళ కోసం

మొన్న గాజువాక నుంచి ఒకాయన వచ్చారు. చొక్కా జేబులోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టి, "నాలుగు వేశానండి, జ్వరం పోయింది, ఆపేశాను, మళ్ళీ ఒణుకొస్తోంది" అన్నారు. వారానికి రెండుసార్లయినా వినే మాటే ఇది.

అపోహ: జ్వరం తగ్గిందంటే ఇన్ఫెక్షన్ పోయినట్టే.

కాదు. ఆయన జ్వరం తగ్గించింది మెడికల్ షాపులో దాంతోపాటు ఇచ్చిన పారాసిటమాల్. అసలు మాత్ర నైట్రోఫ్యూరాంటోయిన్, అది మూత్రాశయం వరకు బాగా పనిచేస్తుంది గానీ కిడ్నీలోకి చాలినంత చేరదు. సరైన యాంటీబయాటిక్ పడ్డా జ్వరం దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది, దిగాక కూడా కోర్సు పూర్తవ్వాలి. మందును బట్టి, మనిషిని బట్టి 5 నుంచి 14 రోజులు. ఇంకో చిక్కేంటంటే, యాంటీబయాటిక్ వేసుకున్నాక యూరిన్ కల్చర్‌కి (మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఇస్తే అందులో ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు ఆ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో మేం ఊహించుకోవాల్సిందే. అందుకే ముందు శాంపిల్, వెంటనే మందు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా ఆగకూడదు.

ఆయనకి షుగర్ ఉంది, స్కాన్‌లో రాయి అడ్డుపడి కనిపించింది. అడ్డు అలాగే ఉంటే ఎంత ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చినా లాభం లేదు, ఆ రాత్రే మూత్రం కిందకి దిగేలా స్టెంట్ అనే సన్నని గొట్టం వేయించాల్సి వచ్చింది.

అపోహ: కిడ్నీ అన్నారంటే ఇక డయాలసిస్సే.

ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్ళు ఈ మాట అడుగుతూ ఏడ్చేస్తారు. వాళ్ళనేం అనగలం, ఇంట్లో చూసుంటారు. కానీ అక్కడిది ఏళ్ళ తరబడి నెమ్మదిగా కిడ్నీ పాడయ్యే జబ్బు, ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. వేళకి వైద్యం అందితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. టెన్షన్ పడాల్సింది చలిజ్వరంతో పాటు డొక్కలో నొప్పి ఉన్నప్పుడు, మాత్ర కడుపులో నిలవకుండా వాంతులవుతున్నప్పుడు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ళు అయితే ఆ రోజే రండి.

బీరు తాగితే కడిగేస్తుందా? కడగదు. ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుందా? జలుబులా అంటుకోదు. బార్లీ నీళ్ళు? తాగండి, మందు మాత్రం కాదు.

మా అమ్మే మద్దిలపాలెంలో మూడు రోజులు బార్లీ నీళ్ళతో నెట్టుకొచ్చింది, ఫోన్‌లో నాకు ఒక్క ముక్క చెప్పకుండా. నాలుగో రోజు పక్కింటావిడ ఆటోలో తీసుకొచ్చింది. డిశ్చార్జ్ అయ్యాక రోజూ రాత్రి ఫోన్ చేసి, స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో లెక్క చెప్పించుకునేదాన్ని. ఒకరోజు లెక్కలో రెండు ఎక్కువే వచ్చాయి.