చెప్పామంటారు ఒకరు, చేరలేదంటారు ఒకరు: కోస్తా తుపాను హెచ్చరికల వెనుక కథ

మొంథా తీవ్ర తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపంలో తీరం దాటింది. అప్పటికే కోస్తా జిల్లాల్లో బడులకు సెలవులిచ్చారు, రైళ్లు రద్దు చేశారు, లోతట్టు గ్రామాల వారిని పునరావాస కేంద్రాలకు తరలించారు. మర్నాడు మాత్రం సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. దాంతో, తుపాను హెచ్చరిక అసలు ఎవరికోసం, దేని గురించి అన్న పాత వాదం మళ్లీ పైకి వచ్చింది. ముందే చెప్పామని యంత్రాంగం అనడం, తమకు ఆ మాట చేరలేదని బాధితులు అనడం మొంథాతో మొదలైంది కాదు. ఈ వాదానికి ఒక పుట్టిన తేదీ ఉంది: 1996 నవంబరు 6.

దివిసీమ ఉప్పెన సంగతి తెలుగువారికి మళ్లీ చెప్పనక్కర లేదు. 1977 తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు, ఉపగ్రహం ద్వారా తీర గ్రామాలకు నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. ఆ శ్రమకు ఫలితం 1990 మే నెలలో కనిపించింది. కృష్ణా ముఖద్వారం దగ్గర తీరాన్ని తాకిన ఆ తుపాను బలంలో దివిసీమ తుపానుకు తీసిపోయేది కాకపోయినా, ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. మన హెచ్చరికల చరిత్ర అక్కడితో ఆగిపోతే దాన్ని విజయగాథగా రాసుకోవచ్చు.

ఆరేళ్ల తర్వాత, 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మరో తుపాను తీరం దాటింది. గాలి బలంలో అది 1990 నాటి తుపాను కంటే తక్కువది. అయినా అధికారిక లెక్క ప్రకారమే వెయ్యి మందికి పైగా చనిపోయారు, మరో వెయ్యి మందికి పైగా గల్లంతయ్యారు, ఆరు లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి, కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. బలం తగ్గిన తుపానుకు ప్రాణనష్టం ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు జవాబు ఒడ్డున దొరకదు. 1990లో తరలించినవారు నేల మీద ఉన్నవారు. 1996లో పోయినవారిలో ఎక్కువమంది నీటి మీదా, నీటి అంచునా ఉన్న మత్స్యకారులు.

వాయుగుండం తుపానుగా, ఆపై తీవ్ర తుపానుగా మారి తీరం చేరడానికి అప్పుడు పట్టిన వ్యవధి చాలా తక్కువ. నాటి పద్ధతిలో హెచ్చరికకు రెండే దశలు ఉండేవి: తీరంలో వాతావరణం చెడిపోవడానికి 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు మరొకటి. సముద్రం మీదికి వారం రోజుల వేటకు ఐసు, డీజిలు వేసుకుని వెళ్లిన మరపడవ సరంగుకు, అంటే పడవ నడిపేవాడికి, 48 గంటల ముందు మాట అందినా ఒడ్డుకు చేరడం కష్టమే. అసలు అందడానికి అతని దగ్గర ఉన్న సాధనం ట్రాన్సిస్టర్ రేడియో ఒక్కటే. బోట్లలో వైర్‌లెస్ సెట్లు అరుదు. మరోవైపు ఆక్వా సాగు ఊపందుకున్న ఆ రోజుల్లో టైగర్ రొయ్య పిల్లలకు మంచి గిరాకీ ఉండేది. మడ అడవుల పాయల్లో, ఇసుక దిబ్బల మీద తాత్కాలికంగా గుడిసెలు వేసుకుని రొయ్య పిల్లలు పట్టి బతికే కుటుంబాలు గోదావరి ముఖద్వారం పొడవునా కనిపించేవి. గ్రామంలో చాటింపు వేస్తే వినిపించేంత దగ్గరలో వారు ఉండరు.

బులెటిన్లు సకాలంలో వెళ్లాయి, ఆకాశవాణిలో ప్రసారమయ్యాయి, జిల్లా యంత్రాంగానికి సమాచారం ఉంది అన్నది నాటి అధికారుల వాదన. కాగితం మీద అది నిజమే. తీర గ్రామాల వాదన వేరు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో ప్రశ్న హెచ్చరిక వెళ్లిందా లేదా అన్నది కాదు. వేటకు పోయినవారిని వెనక్కి పిలవడానికి ఎవరి దగ్గరైనా ఏదైనా మార్గం ఉందా అన్నది. అలాంటి మార్గం లేదు. ఎన్ని బోట్లు వెళ్లాయో, ఒక్కో బోటులో కళాసీలు, అంటే పనిచేసే కూలీలు, ఎందరో కచ్చితంగా చెప్పగల రిజిస్టరు కూడా లేదు. అందుకే గల్లంతైనవారి సంఖ్య మీద రోజుల తరబడి తగవు నడిచింది. శవం దొరకనివాడు చట్టం దృష్టిలో వెంటనే మరణించినట్టు కాదు. మామూలు నియమం ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. భర్త తిరిగి రాని ఇల్లాలు వితంతువు కాదు, ఆమెకు ఆదరువూ లేదు. భైరవపాలెం పేరు చెప్పగానే ఈనాటికీ ఆ ఊరి వితంతువులే గుర్తుకు రావడానికి కారణం ఆ ఒక్క రాత్రి మాత్రమే కాదు, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగిన కాలం కూడా.

బోట్ల నమోదు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు దేశమంతటా గట్టిగా మొదలైంది 2008 ముంబయి దాడుల తర్వాత. సముద్రంలో ఎవరున్నారో తెలుసుకోవాలన్న తొందర ప్రభుత్వాలకు తుపాను వల్ల కాక ఉగ్రవాదం వల్ల కలిగింది.

1996 నేర్పిన పాఠాన్ని యంత్రాంగం తనదైన రీతిలో అర్థం చేసుకుంది. ప్రపంచ బ్యాంకు రుణంతో పునర్నిర్మాణ పథకం వచ్చింది, రోడ్లూ షెల్టర్లూ వచ్చాయి. 1999లో, ఒడిశా పెను తుపాను వచ్చిన ఏడాది నుంచి హెచ్చరికలను నాలుగు దశలు చేశారు. 72 గంటల ముందే మొదటి సూచన వెలువడుతుంది. తుపాను కదలికను కనిపెట్టే డాప్లర్ రాడార్లు వచ్చాయి. 2004 నుంచి తుపానులకు పేర్లు వచ్చాయి. అంచనా ఎంతగా మెరుగుపడిందంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చినా ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణనష్టం పదుల్లోనే నిలిచింది. ఆ గాలికి విశాఖ రాడారే దెబ్బతింది. ఈ ఘనతను ఎవరూ కాదనరు. అయితే ఇదంతా ఎంత ముందుగా, ఎంత కచ్చితంగా చెప్పగలం అన్న ప్రశ్నకు జవాబు. భైరవపాలెం అడిగిన ప్రశ్న అది కాదు.

హెచ్చరికలో వాడే భాష సంగతే చూడండి. ఓడరేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికల నంబర్లు ఓడల కోసం ఏర్పడినవి. ఐదు, ఆరు, ఏడు అన్నవి పెరుగుతున్న తీవ్రతకు గుర్తులు కావు. ప్రమాదం మూడింటికీ ఒక్కటే, తుపాను రేవుకు ఏ పక్కగా పోతుందో, నేరుగా మీదుగా వస్తుందో చెప్పే తేడా మాత్రమే. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే. పదకొండుకు అర్థం హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. కానీ పత్రికలూ టీవీలూ ఆ నంబర్లను మార్కుల్లా చదువుతాయి, జనం అలాగే వింటారు. కాకినాడలో ఐదో నంబరు, మచిలీపట్నంలో ఏడో నంబరు అంటే మచిలీపట్నంలో ప్రమాదం రెండు మెట్లు ఎక్కువ కాబోలు అనుకుంటారు.

పేరు తెచ్చిన చిక్కు ఇంతకంటే పెద్దది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను, అప్పుడే దానికి పేరు. అంతకు తక్కువైతే వాయుగుండం, తీవ్ర వాయుగుండం. గాలితో కొలిచే ఈ మెట్లలో వానకు చోటు లేదు. 2021 నవంబరు 19న నాటి కడప జిల్లాలో చెయ్యేరు నది మీది అన్నమయ్య జలాశయం కట్ట కొట్టుకుపోయి దిగువ గ్రామాలు తుడిచిపెట్టుకుపోయినప్పుడు కారణమైనది పేరులేని వాయుగుండమే. ఆ ఉదయం అది తీరం దాటింది కడప తీరంలో కాదు, కడపకు తీరమే లేదు, తమిళనాడులో. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటి, అక్కడికి ఎంతో దూరాన ఉన్న విజయవాడను ముంచిందీ పేరులేనిదే.

అప్పుడు విజయవాడను ముంచిన బుడమేరు వాగు వివాదం ఇక్కడే ముడిపడి ఉంది. మైలవరం వైపు కొండల నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి పంపడం ఏర్పాటు. ఆ రోజుల్లో బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రావడంతో కృష్ణ ఆ నీటిని తీసుకునే స్థితిలో లేదు. కాలువ గట్లకు గండ్లు పడ్డాయి, రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు, విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. గేట్లు ఎత్తకపోతే కట్టడమే నిలవదన్నది ఇంజనీర్ల వాదన. గట్ల నిర్వహణను గత ప్రభుత్వం పట్టించుకోలేదన్నది అధికార పక్షం మాట. చెప్పకుండా గేట్లు ఎత్తారన్నది ప్రతిపక్షం ఆరోపణ. మూడింటిలోనూ కొంత సత్యం ఉండవచ్చు. కానీ ఆదివారం ఉదయం నిద్ర లేచి గుమ్మంలో నీళ్లు చూసిన మనిషి అడిగేది వీటిలో ఏదీ కాదు. భారీ వర్షాలు పడతాయన్న సందేశం ఫోనుకు రావడం వేరు, మీ వీధిలోకి నడుము లోతు నీరు వస్తుంది, పై అంతస్తుకు వెళ్లండి అని చెప్పడం వేరు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు, 48 అడుగులు, 53 అడుగులు అంటే ఏ వీధి వారు ఎప్పుడు సామాను సర్దుకోవాలో అక్కడి పిల్లలకు కూడా తెలుసు. బుడమేరుకు సింగ్‌నగర్ వాసులు ఎరిగిన అలాంటి కొలత లేదు. సముద్రంలోని సరంగుకు 1996లో మాట చేరే దారి లేదు; విజయవాడ వాసికి మాట చేరినా అందులో అతనికి పనికివచ్చేది లేదు.

తీరంలో తగవు ఈలోగా తిరగబడింది. ఒకప్పుడు హెచ్చరిక చేరలేదన్న మత్స్యకారులే ఇప్పుడు అది మరీ ఎక్కువగా వస్తోందంటున్నారు. ప్రాణభయం తగ్గి కాదు ఆ మాట. సముద్రంలో వాయుగుండం కనిపించగానే మత్స్యకారులు వేటకు వెళ్లరాదన్న ప్రకటన వెలువడుతుంది. అది బలహీనపడినా, దారి మళ్లినా, అప్పటికి నాలుగైదు రోజుల వేట పోయినట్టే. హెచ్చరిక తప్పితే మాట పోతుంది కాబట్టి వాతావరణ శాఖ జాగ్రత్త వైపే మొగ్గుతుంది, మొగ్గాలి కూడా. ఆ జాగ్రత్తకయ్యే ఖర్చు మాత్రం బోటు యజమాని కంటే ముందు కళాసీ భరిస్తాడు, ఎందుకంటే అతనికి వచ్చేది జీతం కాదు, పట్టిన చేపలో వాటా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. తుపాను వచ్చి వెళ్లాక బియ్యం, సరుకులు ప్రకటించడమూ ఉంది. రాని తుపాను కోసం ఒడ్డున కూర్చున్న రోజులకు మాత్రం ఏ పద్దూ లేదు.