ఒక్క ఫోన్ లైను, నాలుగు కంప్యూటర్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న మీరు అడిగారు కదా, డయలప్ (నంబర్ డయల్ చేసి ఫోన్ లైను మీద నెట్ కలపడం) కాలంలో ఒక్క ఫోన్ లైను మీద నాలుగు కంప్యూటర్లకు నెట్ ఎలా వచ్చేదని, రాకపోతే ఏం చేసేవాళ్లమని. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

2002లో నేను పనిచేసిన సెంటర్లో నాలుగు విండోస్ కంప్యూటర్లు ఉండేవి. మూలన ఇంకో పాత కంప్యూటర్లో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో సిస్టమ్), దానికి 56కె మోడెమ్, అంటే కంప్యూటర్‌ని ఫోన్ లైనుకు కలిపేది. నాలుగింటికీ నెట్ దాని మీదుగానే. లైన్ కలిశాక ఐఎస్‌పీ (నెట్ ఇచ్చే కంపెనీ) మాకు ఇచ్చేది ఒకే ఒక్క ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబర్. లోపలి కంప్యూటర్లకు మేం పెట్టుకున్న 192.168.0.2 లాంటి అడ్రస్‌లు బయట చెల్లవు.

వీధికంతా ఒక్క ఇంట్లోనే ఫోన్ ఉన్న రోజుల గురించి మీ అమ్మను అడగండి. ఆ ఇంటి నంబర్ రాసి పక్కన పీపీ అని పెట్టేవాళ్లం. ఫోన్ వస్తే వాళ్లే వచ్చి పిలిచేవాళ్లు. లినక్స్‌లో నాట్ (లోపలి అడ్రస్ బదులు బయటి అడ్రస్ పెట్టే పద్ధతి) చేసేది అదే పని. ఏ కంప్యూటర్ ఎవరికి ఏమడిగిందో రాసి పెట్టుకుని, జవాబు రాగానే ఆ కంప్యూటర్‌కే అందిస్తుంది. డయలప్‌లో కలిపిన ప్రతిసారీ అడ్రస్ మారుతుంది. కాబట్టి నాట్ కోసం లినక్స్‌లో రాసే నియమంలో అడ్రస్ రాయకూడదు, మాస్కరేడ్ అని రాయాలి. అప్పుడు లైనుకు ఆ పూట ఏ అడ్రస్ ఉంటే అదే వాడుకుంటుంది.

ఇక నెట్ రాని రోజు. నియమాలన్నీ చెరిపేసి మళ్లీ రాయడం నాకు మొదటినుంచీ నచ్చదు, తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ప్యాకెట్ (నెట్‌లో పోయే సమాచారపు చిన్న ముక్క) ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలి. ముందు లినక్స్ నుంచే బయటి ఐపీకి పింగ్ కొట్టాలి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబొస్తుందో చూడాలి. అక్కడే పోకపోతే ఫైర్‌వాల్‌ని (ఏ ప్యాకెట్ వదలాలో, ఏది ఆపాలో చూసేది) తిట్టి లాభం లేదు. లోపలి కంప్యూటర్లతో కలిపే ఈథర్నెట్ కార్డుకు అంతకుముందే డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే మామూలు దారి) ఇచ్చి ఉంటే, మోడెమ్ కలిసినా ఆ పాత రూటు మారదు. పీపీపీ (మోడెమ్ లైను నడిపే ప్రోగ్రాం) రాసుకునే లాగ్‌లో ఆ మాట స్పష్టంగా ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. ఐపీకి పింగ్ పోయి పేరుకు పోకపోతే అది డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ చెప్పే ఏర్పాటు) గొడవ.

లినక్స్ నుంచి అన్నీ బాగుండి లోపలి కంప్యూటర్లకే రాకపోతే లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో ప్రతి నియమం పక్కన ఉండే ప్యాకెట్ల లెక్క చూడాలి. నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయం చేసింది ఆ లెక్కే. ఫార్వర్డ్ వరుసలో (ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటే ప్యాకెట్ల నియమాల్లో) లెక్క అసలు కదలలేదంటే చాలామట్టుకు అలా దాటించే ఐపీ ఫార్వర్డింగ్ సున్నాలో, అంటే ఆపేసి ఉన్నట్టు. కరెంటు పోయి వచ్చాక మాకు తరచూ అదే జరిగేది, ఎవరూ దాన్ని సేవ్ చేయలేదు. ఫార్వర్డ్ కదిలి మాస్కరేడ్ కదలకపోతే ఇంటర్‌ఫేస్ (ప్యాకెట్లు బయటికి పోయే ద్వారం) పేరు తప్పు, మోడెమ్ లైను పేరైన పీపీపీ0 బదులు ఈథర్నెట్ పేరు రాసుంటారు. మాస్కరేడ్ లెక్క మెల్లగా పెరుగుతోందని కంగారు పడొద్దు, అది ఒక్కో కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్‌నే లెక్కపెడుతుంది. అదీ కదిలి పేజీ రాకపోతే, వెళ్లేవాటిని వదిలి తిరిగొచ్చేవాటిని ఆపేస్తున్నారన్నమాట. ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (ముందే మొదలైన కనెక్షన్‌లోవి, దానికి సంబంధించినవి) ప్యాకెట్లను లోపలికి రానివ్వమనే నియమం ఒక్కటి చేరిస్తే చాలు.

ఒక నెల ఫోన్ బిల్లు చూసి మా ఓనర్‌కి నిద్ర పట్టలేదు. ఎవరైనా నెట్ అడిగితే మోడెమ్ తనంతట తానే డయల్ చేసేలా పెట్టాం. రాత్రిళ్లు సెంటర్ మూశాక కూడా డయల్ చేస్తోంది! నేను ఒక రాత్రి అక్కడే పడుకుని టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రాం) పెట్టి చూశాను. ఆపకుండా వదిలేసిన విండోస్ కంప్యూటర్ ఒకటి 137వ పోర్టు (ఒక్కో రకం పనికి ఉండే నంబర్) మీద కంప్యూటర్ల పేర్లు వెతుకుతూ ప్యాకెట్లు బయటికి పంపుతోంది. ఆ ఒక్క ప్యాకెట్ కోసం లైను లేచేది. 137 నుంచి 139 దాకా పోర్టులు బయటికి పోకుండా ఫార్వర్డ్‌లోనే ఆపేశాను. ఆ తర్వాత రాత్రిళ్లు మోడెమ్ లైటు వెలగలేదు.

మీ ఫోన్ హాట్‌స్పాట్‌ కూడా మీ లాప్‌టాప్‌లకు ఇలాగే నాట్ చేస్తుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకోండి. అటక మీద పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తోంది. ఆ లెక్కలు కదలడం మీ కళ్లతో మీరే చూద్దురుగాని.

మీ తాతయ్య