సముద్రంలో కలిసే నీరు వృథా కాదు: అంతర్జాతీయ జల నిర్వహణ వృత్తిపై అపోహలు, వాస్తవాలు

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు, దేశాలు పంచుకునే నదుల నీటి లెక్కలు చూసే నా వృత్తి గురించి అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నల వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు వాళ్ల చదువునే దారి తప్పిస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ ఉద్యోగమంటే విదేశీ ప్రయాణాలు, సదస్సులు.

వాస్తవం: ఎక్కువ కాలం గడిచేది లెక్కల దగ్గరే. ఎగువ దేశం చెప్పిన ప్రవాహానికీ దిగువ దేశం కొలిచినదానికీ తేడా ఎందుకొచ్చిందో తేల్చాలి. కొలిచే చోట నదీగర్భం కోసుకుపోయినా చాలు, నీటిమట్టం నుంచి కట్టిన ప్రవాహం లెక్క తప్పుతుంది. మనకు అలవాటైన టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) బయట చెల్లదు, అక్కడ ఘనపు మీటర్లలో చెప్పాలి. ఒక టీఎంసీ సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు.

అపోహ: సముద్రంలో కలిసే నీరంతా వృథా.

వాస్తవం: ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడల్లా ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయని బాధపడతాం. కాలువ చివరి భూములకు నీరందని రైతు ఆ మాట అనడంలో న్యాయం ఉంది. కానీ ఈ వృత్తిలోకి వచ్చేవారు దాన్ని వదులుకోక తప్పదు. సముద్రానికి చేరే నది ఒండ్రు మోసుకెళ్తుంది, ఉప్పునీటిని వెనక్కి నెడుతుంది, మడ అడవులనూ రొయ్య పిల్లలనూ బతికిస్తుంది. ఒండ్రు జలాశయాల్లోనే ఆగిపోతే డెల్టా తీరం కోతకు గురవుతుంది. దివిసీమలో భూగర్భజలం ఉప్పబడిన ఊళ్ల వారికి ఈ సంగతి కొత్త కాదు. 2016 కరవులో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో ఉప్పునీరు చాలా లోపలికి చొచ్చుకొచ్చి వరిని దెబ్బతీసింది. అదే నది వానాకాలంలో పొంగితే కంబోడియాలోని టోన్లే సాప్ నది వెనక్కి పారుతుంది, సరస్సు కొన్ని రెట్లు విస్తరిస్తుంది. లక్షల మంది తినే చేపలు ఆ వరద మీదే ఆధారపడ్డాయి. ఏ నెలలో ఎంత నీరు నదిలో వదలాలో తేల్చడమే పర్యావరణ ప్రవాహాల లెక్క. నా దృష్టిలో ఈ వృత్తికి గుండెకాయ అదే.

అపోహ: శాస్త్రవేత్త లెక్క తేల్చితే తగాదా తీరుతుంది.

వాస్తవం: కృష్ణా ఒడ్డున పెరిగినవారికి ఇది వేరే చెప్పాలా? కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచేందుకు 1969లో బచావత్ ట్రైబ్యునల్ ఏర్పడింది. పంపకాల వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దేశాల మధ్య ఇంకా కష్టం. 1997లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ నదీ జలాల ఒప్పందం 2014లో గానీ అమల్లోకి రాలేదు. నాటి ఓటింగుకు భారత్ దూరంగా ఉంది. పొరుగు దేశానికి గణనీయమైన హాని చేయరాదని అది చెబుతుంది. ఎంత హాని గణనీయమో అంకెల్లో చెప్పదు. ఇరుపక్షాలూ ఒప్పుకునే కొలతలు అందించడం వరకే మన పని. పంచేది ప్రభుత్వాలు.

అపోహ: సివిల్ ఇంజనీర్లకే చోటు.

వాస్తవం: రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాలు చదివినవారు, న్యాయవాదులు కూడా కావాలి.

అపోహ: పట్టా రాగానే విదేశాల్లో ఉద్యోగం.

వాస్తవం: ఐక్యరాజ్యసమితిలో పీ-3 అనే మధ్యస్థాయి నిపుణుల ఉద్యోగానికి సాధారణంగా మాస్టర్స్ పట్టా, అయిదేళ్ల అనుభవం అడుగుతారు. కొలంబో ప్రధాన కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ మనకు దగ్గర. అనుభవం మాత్రం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. బందరు కాలువ మీదో, కొమ్మమూరు కాలువ మీదో ఒకే చోట ఏడాదిపాటు నెలనెలా లవణీయత, కరిగిన ఆక్సిజన్ కొలవండి. ఏ తేదీన, ఏ పరికరంతో, ఎవరు కొలిచారో ఒక పుస్తకంలో పక్కనే రాసుకోండి. నేను ఎవరినైనా పనిలోకి తీసుకునేటప్పుడు ముందుగా చూసేది ఆ పుస్తకాన్నే.