మారిషస్ తీరం చుట్టూ

చిరంజీవులకు అమ్మమ్మ దీవించి రాయునది.

మారిషస్ ఫొటోలు మీ అమ్మ మీకు చూపించే ఉంటుంది. వాటిలో సరిగా కనబడనిది ఒకటుంది, దాని గురించే రాస్తున్నాను. కారులో దీవి చుట్టూ తిప్పిన డ్రైవరు మాకు ముందుగా చూపించింది కూడా దాన్నే. ఒడ్డున నిలబడితే దూరంగా సముద్రంలో తెల్లటి నురగ గీత కనిపిస్తుంది. అది పగడపు దిబ్బ. అలలన్నీ అక్కడే విరిగిపోతాయి. ఇవతలి నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి.

దీవి అగ్నిపర్వతాల లావాతో పుట్టింది కనుక రాళ్ళన్నీ నలుపు. మరి ఇసుక తెల్లగా ఎందుకుందంటారా? అది చాలావరకు పగడాలూ గవ్వలూ నలిగి పొడైన ఇసుక. పగడపు రాయిని కొరికి తినే చేపలు విసర్జించేదీ ఇసుకే!

ఏరు వచ్చి కలిసేచోట మంచినీళ్ళకూ బురదకూ పగడం బతకలేదు. అలాంటిచోట దిబ్బకు గండి ఉంటుంది. పెద్ద ఓడలు లోపలికి రావాలంటే ఆ గండ్లే దారి. 1598లో డచ్చివాళ్ళు దిగింది ఆగ్నేయాన గ్రాండ్ పోర్ట్ అఖాతంలో. తర్వాత దీవి ఫ్రెంచివాళ్ళదైంది. 1810 ఆగస్టులో ఇంగ్లీషు యుద్ధనౌకలు అక్కడికే వచ్చి, దిబ్బల మీదకెక్కి కదల్లేకపోయాయి. రెండింటిని వాళ్ళే తగలబెట్టుకోవాల్సి వచ్చింది. ఓడిపోయారు. అయినా ఊరుకోలేదు. దిబ్బలో దారి వెతికిపెట్టుకుని నవంబరు చివర్లో ఉత్తర తీరాన సైన్యాన్ని దింపారు. కొద్ది రోజుల్లోనే దీవి వాళ్ళ వశమైంది. ఆ అఖాతాన్ని చూస్తుంటే నాకు చరిత్ర పాఠమంతా కొత్తగా అర్థమైంది.

దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర దిబ్బే లేదు. సముద్రం నేరుగా నల్లటి కొండచరియలను కొడుతుంది. చూడండి, దిగకండి.

నైరుతి మూల ల మోర్న్ కొండ, 556 మీటర్లు. కింద అందమైన బీచ్, అందరూ ఫొటోలు దిగేది అక్కడే. మీరు మాత్రం తలెత్తి కొండను చూడాలి. చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ గుహల్లో, శిఖరం మీద దాక్కున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని కొందరు కిందికి దూకేశారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. విని చాలాసేపు నాకు మాట రాలేదు.

బానిసలు పోతే చెరకు నరికేదెవరు? అందుకే మనవాళ్ళను తెచ్చారు. రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అని ఉంది, అలా వచ్చిన కూలీలను ఓడల నుంచి దింపిన చోటు. 1834 మొదలు దాదాపు అయిదు లక్షల మంది కూలి ఒప్పందం మీద ఆ దీవికి వచ్చారు. ఎక్కువమంది బిహారు వైపువాళ్ళు. కోరంగి రేవులో ఓడెక్కిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈనాటికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు.

మీరు వెళ్ళినప్పుడు ఘాట్‌ను చివర్లో హడావుడిగా చూసి రాకండి. దానికో పూట కేటాయించమని డ్రైవరుతో ముందే చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ