తుపాను, అప్పు, పాస్‌పోర్టు: వాతావరణ వలసలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: తుపాను కొడితే జనం దేశం దాటిపోతారు.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఇళ్లు వదిలినవాళ్లు పునరావాస కేంద్రాలకో, చుట్టాల ఇళ్లకో చేరారు. ప్రపంచమంతటా ఇంతే, ఎక్కువమంది దగ్గర్లోని మరో ఊరి వరకే కదులుతారు. 2050 నాటికి 21.6 కోట్ల మంది వరకు వలస వెళ్లొచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో వేసిన లెక్క కూడా సొంత దేశంలోనే కదిలేవాళ్ల గురించి. ఆ అంకెను విదేశాలకు పోయేవాళ్ల లెక్కగా చెబితే తప్పు. పరాయి దేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, టికెట్, ఏజెంటు ఫీజు కావాలి. సర్వం పోగొట్టుకున్న కుటుంబం ఉన్నచోటే చిక్కుకుపోతుంది. మా దృష్టిలో ఎవరికీ పట్టని బాధ వీళ్లది.

అపోహ: సముద్రం ఇల్లు మింగితేనే అది వాతావరణ వలస.

వాస్తవం: ఉత్తరాంధ్రలో వలస దారి తోట మీదుగా, అప్పు మీదుగా పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను కూల్చేసింది. వరి పోతే మళ్లీ ఏడాది పంట ఉంటుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు 5 నుంచి 7 ఏళ్లు, జీడికి 3, 4 ఏళ్లు. ఈలోగా లక్ష రూపాయలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 36,000, ఐదేళ్లకు 1,80,000 వడ్డీయే అవుతుంది. అసలు అలాగే ఉంటుంది. ఇంట్లో ఒకరు గల్ఫ్ వైపు చూసేది అప్పుడే.

కౌలు రైతుకు ఇంకా కష్టం. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి సాయం లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో సాగుదారుగా తన పేరు లేకపోతే ఆ సాయం కూడా చేజారుతుంది. నాటిన వెంటనే ఈ-పంట నమోదు చూసుకోవాలి. తుపాను వెళ్లాక పరుగెత్తితే ఆలస్యమే.

వెనుకటి తరాలు విశాఖ, భీమిలి రేవుల్లో ఓడెక్కి 'రంగం' (బర్మాలోని రంగూన్) పోయింది కూడా వాన ఒక్కటే తరిమి కాదు. రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో కూలి దొరుకుతుందన్న ఆశ కూడా లాగింది. 1960ల్లో అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు ఉంది.

అపోహ: 'వాతావరణ శరణార్థి' అంటే ఏ దేశమైనా ఆశ్రయమిస్తుంది.

వాస్తవం: అలాంటి చట్టపరమైన హోదా లేదు. 1951 శరణార్థుల ఒప్పందం గుర్తించేది జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం వల్ల కలిగే వేధింపుల భయాన్నే. భారత్ ఆ ఒప్పందంలో చేరనేలేదు. పసిఫిక్ ద్వీప దేశం కిరిబాటి వాసి ఇయోనె టెయిటియోటా న్యూజిలాండ్‌లో ఉండనివ్వమని అడిగితే కుదరదన్నారు. ఆయన ఫిర్యాదుపై ఐరాస మానవ హక్కుల కమిటీ కూడా 2019లో ఆయన పక్షాన తేల్చలేదు. అయితే వాతావరణ మార్పు వల్ల ప్రాణాపాయం ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడని సందర్భాలు రావొచ్చని చెప్పింది. మరో పసిఫిక్ ద్వీప దేశం తువాలు నుంచి ఏటా 280 మందికి ఆస్ట్రేలియా తలుపు తీసిందంటే అది రెండు దేశాల ఒప్పందం, శరణార్థి హోదా కాదు.

అపోహ: ముందు విజిట్ వీసా మీద వెళ్లి, అక్కడ పని వీసాకు మార్చుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ కుటుంబాలు మునిగేది ఇక్కడే. విజిట్ వీసా మీద పనిచేస్తే జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో ఒప్పందం ఉండదు. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా.

ముందు పాస్‌పోర్టులో ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఉందేమో చూడండి. ఉంటే, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే ముందు వలస అనుమతి తప్పనిసరి. పదో తరగతి పాసైనా దరఖాస్తులో సర్టిఫికెట్ పెట్టకపోతే ఈసీఆర్ పడుతుంది. సర్టిఫికెట్ జతచేసి మళ్లీ పాస్‌పోర్టు తీసుకుంటే పోతుంది. ఏజెంటు లైసెన్సు నంబరును కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. అతను తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000, జీఎస్టీతో 35,400. రసీదు లేకుండా ఇవ్వొద్దు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పాలసీ నంబరు, ఒప్పందం నకలు, వీసా కాపీ ఇంట్లో వాళ్ల దగ్గర కూడా ఒక సెట్టు ఉంచాలి, ఎందుకంటే అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలోకి పోతే ఇక్కడి నుంచి ఫిర్యాదు పెట్టడానికి ఆ కాగితాలే ఆధారం.