ఆల్ఫా బ్లాకర్లు ఫిట్స్‌ను తగ్గిస్తాయా, పెంచుతాయా?

ప్రజోసిన్, టెరజోసిన్, డాక్సజోసిన్. బీపీకి, ప్రోస్టేట్ ఇబ్బందికి వాడే ఈ ఆల్ఫా బ్లాకర్లు ఆల్ఫా-1 రిసెప్టర్లను (కణాల మీద రసాయన సంకేతాలను అందుకునే గ్రాహకాలను) అడ్డుకుని రక్తనాళాలను సడలిస్తాయి. ఇవే రిసెప్టర్లు మెదడులోనూ ఉన్నాయి. ప్రజోసిన్ అక్కడికి చేరుతుంది కాబట్టే పీడకలలకూ ఇస్తారు. మరి మూర్ఛ ఉన్నవారికి దీనివల్ల మేలా, కీడా?

జంతువుల్లో రెండు జవాబులూ వచ్చాయి. ఆల్ఫా-1 రిసెప్టర్లలో ఒక రకమైన ఆల్ఫా-1బి మితిమీరి పనిచేసేలా జన్యువు మార్చిన చిట్టెలుకల మీద 2000లో 'నేచర్ మెడిసిన్' పత్రిక ఒక పరిశోధన ప్రచురించింది. వాటిలో నాడీకణాలు చనిపోయాయి, ఫిట్స్ వచ్చాయి. టెరజోసిన్ ఇస్తే నష్టం కొంత తగ్గింది. అసలు 1బి లేకుండా పుట్టించిన చిట్టెలుకల్లోనేమో, రసాయనాలతో తెప్పించే ఫిట్స్ తీవ్రత తగ్గింది.

ఆల్ఫా-1ఎ అనే మరో రకం దారి వేరు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో అది గాబా (నాడీకణాలను శాంతపరిచే రసాయనం) విడుదల చేసే కణాలను ఉసిగొల్పి, విద్యుత్ అలజడిని అణచివేస్తుంది. ప్రజోసిన్ ఈ రెండు రకాలనూ ఒకేలా మూసేస్తుంది. పుట్టుకతోనే ఆబ్సెన్స్ మూర్ఛ (కొన్ని సెకన్లు స్పృహ ఆగి శూన్యంగా చూసే రకం) ఉండే ఎలుకల్లో అది ఫిట్స్ తరంగాలను పెంచింది కూడా. అందుకే దీన్ని మూర్ఛ మందుగా చూడటం తొందరపాటే. 1బిని మాత్రమే మూసే మందు కోసం వెతకడంలో అర్థం ఉంది.

ఇప్పటికే ఈ మాత్రలు వేసుకుంటున్నవారికి అసలు చిక్కు వేరేచోట ఉంది. ప్రజోసిన్ మొదటి మోతాదు తర్వాత 30 నుంచి 90 నిమిషాల్లో బీపీ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. మెదడుకు రక్తం తగ్గితే చేతులు, కాళ్లు కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకుంటారు, మూర్ఛ మందు డోసు అనవసరంగా పెరుగుతుంది. లేచి నిలబడగానే పడిపోవడం, ముఖం పాలిపోవడం, పడుకోబెట్టగానే తెలివి రావడం బీపీ పడిపోయిందనడానికి గుర్తులు. నాలుక పక్కభాగం తెగడం, తర్వాత చాలాసేపు అయోమయంగా ఉండటం ఫిట్స్‌కు గుర్తులు. తొలి మోతాదు 1 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువతో, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టేది ఇందుకే.

ఇంకొకటి. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందులు కాలేయంలోని ఎంజైములను చురుకు చేస్తాయి. వాటితోపాటు వాడితే డాక్సజోసిన్ త్వరగా విరిగిపోయి, బీపీ అదుపు సడలవచ్చు. వాటిని మాని, ఎంజైములను అలా చురుకు చేయని మరో మూర్ఛ మందు లెవెటిరాసెటమ్‌కు మారితే, కొన్ని వారాల్లో డాక్సజోసిన్ అదే డోసు ఎక్కువైపోవచ్చు. మార్పు జరిగిన నెలలో పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక 3 నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూపించుకోవాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే డాక్టరుకు చెప్పాలి.