మూసీ గొడవలో ఆ 80 శాతం నీళ్ల సంగతి

హైదరాబాద్ మధ్య నుంచి పారే మూసీని బాగుచేసి రివర్ ఫ్రంట్ కడతమంటే, ఒడ్డు మీది ఇండ్లు పోతయని మళ్లీ గొడవ లేచింది. మళ్లీ టీవీల్లో అవే బొమ్మలు, ఒక పక్క నది ఒడ్డున ఇంటి గోడ మీద ఎర్ర రంగు మార్కు, ఇంకో పక్క రివర్ ఫ్రంట్ గ్రాఫిక్స్‌లో నీలం రంగు నీళ్లు. నేపథ్యం రాయమంటే ఎవరైనా అనంతగిరి గుట్టల కాడ మొదలుపెట్టి 1908 వరద, విశ్వేశ్వరయ్య, గండిపేట, హిమాయత్‌సాగర్ మీదుగా ఒక రౌండ్ వేసి వస్తరు. అవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం. సిటీకి దిగువన నల్గొండ దిక్కు నుంచి చూసేటోళ్లకి ఈ కథ వరదతో మొదలవ్వదు, ఒక లెక్కతో మొదలైతది.

ఆ లెక్క 1973 డిసెంబర్‌ది. కృష్ణా నీళ్ల మీద బచావత్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది అప్పుడే, 1976 మేలో అది ఖరారైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల నీళ్లు) అన్న ముక్క అందరి నోళ్లలో నానింది కానీ అదే తీర్పులో ఎవరెంత వాడుకున్నరో కొలిచే పద్ధతి కూడా రాసి ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. తాగునీటికి నది నుంచి తీసుకుంటే తీసుకున్న దాంట్లో 20 శాతమే వాడినట్టు లెక్క, పరిశ్రమలకి తీసుకుంటే రెండున్నర శాతమే. తాగునీటిలో మిగిలిన ఆ 80 శాతం ఎటు పోతది? స్నానం చేసినంక, బోళ్లు కడిగినంక, ఫ్లష్ నొక్కినంక మోరీల నుంచి వాగులకు, వాగుల నుంచి మళ్లీ నదికే కదా అని ట్రిబ్యునల్ ఆలోచన. తప్పు అనడానికి లేదు, నీళ్లు నిజంగానే తిరిగొస్తయి. ఎన్ని నీళ్లు అన్నది మాత్రం కొలిచిన్రు, అవి ఎట్లాంటి నీళ్లు అన్నది ఆ కొలతలో లేదు. నీళ్ల ఖరాబు సంగతి చూసే వాటర్ యాక్ట్ 1974లో వేరేగా వచ్చింది, దాన్ని చూసేది పొల్యూషన్ బోర్డు, టీఎంసీలు చూసేది ఇరిగేషన్ ఆఫీసు, రెండు ఖాతాలు ఎన్నడూ ఒక టేబుల్ మీదికి రాలేదు. నన్నడిగితే ఇవాళ్టి గొడవకి మూలం ఇదే, ఒడ్డు మీద ఇండ్లు తర్వాతి సంగతి.

ఆ తర్వాత ముప్పై ఏండ్లు అది కాగితం మీదనే ఉంది, ఎందుకంటే అప్పటిదాకా హైదరాబాద్ తాగింది గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీర, సింగూరు నీళ్లు. 2004లో కృష్ణా నీళ్లు సిటీకి చేరినయి. నాగార్జునసాగర్ వెనక నీళ్లని పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, అక్కడ్నుంచి గోడకొండ్ల, గునగల్ మీదుగా పంపు మీద పంపు పెట్టి వంద కిలోమీటర్లకి పైగా పైకి ఎక్కిస్తరు. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. ఒక్కో దశకి ఐదున్నర చొప్పున ఏడాదికి 16.5 టీఎంసీలు. ఇప్పుడు బచావత్ లెక్క వేయండి, వాడినట్టు రాసుకునేది 3.3 టీఎంసీలు, మిగతా 13.2 టీఎంసీలు "తిరిగొచ్చినట్టు". ఆ తిరిగొచ్చే దారి పేరే మూసీ.

అంటే నల్గొండ జిల్లా నుంచి మంచి నీళ్లు పైపులో పోయి, సిటీ అంతా తిరిగి, భువనగిరి, వలిగొండ, సూర్యాపేట దాటుకుంటూ నల్లగా ఉమ్మడి నల్గొండ జిల్లాకే వస్తున్నయి. ఆ పైపు పోయే గోడకొండ్లకి అవతల మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. ఎంత ఫ్లోరైడ్ అంటే నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్, పటిక, సున్నం వేసి కలిపి తేర్చేది. మా చిన్నమ్మ వాళ్లది దిల్‌సుఖ్‌నగర్ దిక్కు, వాళ్లింట్ల నల్లా తిప్పి "మీ నీళ్లే తాగున్రి" అని నవ్వేది, నవ్వులాటకే అనేది కానీ ఆమె చెప్పింది రైటే.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలె, ఎందుకంటే అన్నీ ఇండ్ల మురికే అంటే ఫ్యాక్టరీలోళ్లని వదిలేసినట్టైతది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో పడి మంజీరకి పోతున్నయని కోర్టుల దాకా కొట్లాట అయింది, చివరికి ఏం చేసిన్రంటే 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్లని అంబర్‌పేట మురుగు ప్లాంట్ దిక్కు మళ్లించిన్రు. అంబర్‌పేట నుంచి పోయేది మూసీకే. అక్కడి బాధ ఇక్కడికి బదిలీ అయింది, అంతే.

వలిగొండ దగ్గర బ్రిడ్జి మీద పొద్దున్నే నిలబడితే తెలుస్తది. కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, దూకే చోట నురుగు గుట్టలు గుట్టలు లేస్తది, గాలికి ఆ తెల్లటి ముద్దలు ఎగిరి రోడ్డు మీద బండ్లకు అంటుకుంటయి. నాట్ల టైంల ఒక పెద్దమనిషి మడిలోకి దిగే ముందు మోకాళ్ల దాకా కొబ్బరి నూనె పూసుకుంటున్నడు, ఎందుకే పెదనాయినా అంటే "దురద బిడ్డా, రాత్రంతా గోక్కునుడే" అన్నడు. మరి ఈ నీళ్లు ఆగిపోతే మంచిదేనా అని అడిగిన. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఆగితే యాసంగి ఎట్ల ఏస్తం" అన్నడు.

సిటీలో కూర్చుని మాట్లాడేటోళ్లు ఎవరూ ఈ మాట ఎత్తరు. ఒకప్పుడు మూసీ ఎండాకాలం ఇసుకే, ఇప్పుడు మే నెలలో కూడా పారుతది. పారేది మురికే కానీ ఆగకుండా పారుతది. దాని మీదనే పిలాయిపల్లి కాల్వ, ఆసిఫ్‌నహర్, ఇంకా దిగువన 1963లో కట్టిన మూసీ ప్రాజెక్టు నడుస్తున్నయి. సిటీ అంచున ప్రతాపసింగారం దిక్కు ఇవే నీళ్లతో పారాగడ్డి పెంచి బర్రెల మేతకు అమ్ముకుని బతికే కుటుంబాలు ఎన్నో. కాబట్టి నల్గొండ రైతు మూసీని శుద్ధి చేయొద్దు అనడు, శుద్ధి చేసినంక నీళ్లు ఎవరికి అని అడుగుతడు.

ఇప్పుడు నడుస్తున్న పంచాయితీకి వద్దాం. 2017లో మూసీ రివర్ ఫ్రంట్ కార్పొరేషన్ పెట్టిన్రు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలని కలుషితం అని లిస్టు వేస్తే, హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా మూసీ అందులో అన్నిటికంటే అధ్వాన్నమైన కేటగిరీలో వచ్చింది. 2021లో 31 మురుగు శుద్ధి ప్లాంట్లు, అన్నీ కలిపి రోజుకి 1,259.5 మిలియన్ లీటర్లు, 3,866 కోట్లు అని ప్లాన్ వచ్చింది. 2024లో నదిలో ఉన్న ఇండ్లకి మార్కింగ్, దాని మీద పెద్ద లొల్లి, ఆ నవంబర్ 8న సీఎం రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట నడిచిన్రు. నల్గొండ కోసమే ఇదంతా అని సర్కారు వాదన, రియల్ ఎస్టేట్ కోసం అని ఎదుటోళ్ల వాదన. ఇల్లు పోయేటోళ్ల బాధ నిజమైనదే, కాదనను. కానీ రెండు పక్షాలు కొట్లాడేది ఒడ్డు గురించే.

రూల్స్ కూడా అట్లనే ఉన్నయి మరి. సముద్రం ఒడ్డుకి 1991 నుంచి సీఆర్‌జెడ్ అనే తీర ప్రాంత నియంత్రణ రూలు ఉంది, ఆటుపోటు గీత నుంచి 500 మీటర్లు అని దేశమంతా ఒక పద్ధతి మొదలైంది, తర్వాత 2011లో, 2019లో మార్చుకుంటూ వచ్చిన్రు. మన నదికేమో 2012 నాటి జీవో 168, పట్టణాల లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి అని. అది ఇల్లు ఎంత దూరం కట్టాలో చెప్తది, గట్టు లోపల ఏం పారుతుందో చెప్పదు. పైగా సిటీలో 50 మీటర్లే, నది ఎక్కడ ఎక్కువ ఖరాబు అయితదో అక్కడే రూలు సగం.

ఇంకా తమాషా ఏంటంటే, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి, పాత పేరు వజీరాబాద్, 2008లో జాతీయ జలమార్గం 4ని ప్రకటించినప్పుడు దానికి కృష్ణా వైపు ఆఖరి పాయింట్ అదే. అక్కడ్నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లు పడవలు నడపాలని కాగితం. ఆ సంగమంలోనే పుష్కర స్నానాలు కూడా. బచావత్ లెక్కలో తిరిగొచ్చే ఆ 80 శాతం చేరేది కూడా అక్కడికే, అంటే సాగర్‌కి కాదు, సాగర్ కింద పులిచింతల వెనక నీళ్లలోకి. తాగునీటిని 20 శాతమే లెక్కగట్టాలని తెలంగాణ కృష్ణా బోర్డు ముందు అడుగుతూనే ఉంది, అడగడం న్యాయమే, మన వాటా మిగులుతది. కాకపోతే ఆ 80 శాతాన్ని బోర్డుకి చూపించేటప్పుడు నీళ్లు అంటున్నం, వలిగొండలో చూసినప్పుడు మురుగు అంటున్నం.

గోదావరి నుంచి 20 టీఎంసీలు సిటీకి తెస్తమని, అందులో రెండున్నర గండిపేట, హిమాయత్‌సాగర్ నింపి మూసీలోకి వదులుతమని 2025 సెప్టెంబర్‌లో శంకుస్థాపన అయింది, 7,360 కోట్లు. ఆ మిగతా పదిహేడున్నర కూడా తాగినంక మూసీకే వస్తది కదా. ఈ ముచ్చట పెదనాయినకి ఫోన్‌లో చెప్పిన. ఆయన అడిగింది ఒక్కటే, ఆ 31 ప్లాంట్లల్ల కడిగిన నీళ్లు సిటీ పార్కులకి పోతయా, మా కత్వకి వస్తయా అని.